ఆనృశంస్యం : బలవంతుని ధర్మం, బలహీనుని ప్రశ్న

సమాజంలో అందరి స్థానం ఒక్కటి కాదు. ఆజ్ఞాపించేవారు, ఆజ్ఞను శిరసావహించేవారు. ఇచ్చేవారు, చేయి చాచేవారు. మాట చెల్లేవారు, మాట చెల్లనివారు అనే భేదం ఏ కాలంలోనూ పూర్తిగా తొలగిపోలేదు. ఇట్టి విషమసమాజంలో వ్యక్తి తన శీలాన్ని దేనితో కొలుచుకోవాలి అనే ప్రశ్నకు మన వాఙ్మయం పలు సమాధానాలు చెప్పింది. సత్యం, దానం, దయ, క్షమ, అహింస అనేవి అందరికీ తెలిసినవే. వీటి నడుమ అంతగా ప్రచారం పొందని మరొక పదం ఉంది. అది ఆనృశంస్యం.

అహింసయే పరమధర్మమన్న మాట నేడు పండితపామరుల నోట సమానంగా వినిపిస్తుంది. కాని అరణ్యపర్వంలో యక్షుడు లోకంలో పరమధర్మమేదని ప్రశ్నించినప్పుడు ధర్మరాజు చెప్పిన సమాధానం అహింస కాదు, దయ కాదు, ఆనృశంస్యం. ఇతిహాసంలో ఇంత ప్రధానస్థానం పొందిన ఈ పదం వ్యవహారంలో ఎందుకు నిలువలేదు? దయకూ దీనికీ గల భేదమేమి? బలమున్నవాడికి, బలం లేనివాడికి మధ్య ఇది ఎట్టి సంబంధాన్ని నిర్దేశిస్తుంది? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ప్రస్తుత వ్యాసోద్దేశం.

శబ్దవిచారం

నృశంసుడంటే మనుష్యులను హింసించేవాడని వ్యాఖ్యాతల వివరణ. అమరసింహుడు ఈ శబ్దాన్ని ఘాతుక, క్రూర, పాప శబ్దాలతో కలిపి చెప్పాడు. నృశంసుడు కానివాడు అనృశంసుడు. అతని భావం ఆనృశంస్యం. అంటే ఈ పదం నిషేధం నుండి పుట్టింది. ఏదో ఒక సద్గుణాన్ని అలవరచుకొమ్మని కాక, ముందుగా క్రూరుడవు కావద్దని ఇది చెబుతుంది. క్రూరుడు కాగల సామర్థ్యం ఉన్నవాడికే ఈ నిషేధం వర్తిస్తుంది. చీమ ఏనుగు పట్ల నృశంసం కాజాలదు. కనుక ఈ పదం తన నిర్మాణంలోనే బలవంతుణ్ణి ఉద్దేశిస్తున్నది.

దయాపర్యాయాలను చూద్దాం. కారుణ్యం, కరుణ, ఘృణ, కృప, దయ, అనుకంప, అనుక్రోశం అని అమరకోశం ఏడింటిని చెప్పింది. వీనిలో చివరి రెండూ మిక్కిలి అర్థవంతమైనవి. ఇతరుని వెంట కంపించడం అనుకంప. ఇతరుని వెంట ఆక్రోశించడం అనుక్రోశం. నేడు మనం సహానుభూతి అనే మాటతో చెప్పదలచిన భావాన్ని ఈ రెండు పదాలూ ఏనాడో దేహధర్మంగా చిత్రించాయి. అయితే అమరసింహుడు ఈ ఏడింటినీ ప్రథమకాండంలోని నాట్యవర్గంలో, రసాలను చెప్పే సందర్భంలో పఠించాడు. నృశంసశబ్దం మాత్రం తృతీయకాండంలోని విశేష్యనిఘ్నవర్గంలో, మనుష్యుల గుణదోషాలను తెలిపే పదాల నడుమ ఉంది. కోశకారుడు ఈ విభాగాన్ని ఒక సిద్ధాంతంగా ఉద్దేశించాడని చెప్పనక్కర లేదు. కాని అందులో మనం గ్రహించవలసిన సత్యం ఒకటి ఉంది. కరుణ హృదయంలో కలిగే భావం; అనుభవించినంత మాత్రాన అది చరితార్థమవుతుంది. ఆనృశంస్యం నడవడికి సంబంధించినది. ఆచరణలో తప్ప దానికి ఉనికి లేదు. హరిశ్చంద్ర నాటకంలో దాసిగా అమ్ముడుపోయిన చంద్రమతిని చూచి కన్నీరు కార్చిన ప్రేక్షకుడు, ఇంటికి వచ్చి పనిమనిషి జీతంలో నిస్సంకోచంగా కోత పెట్టవచ్చు. ఆతని కరుణ అబద్ధం కాదు. అది అతణ్ణి నృశంసుడు కాకుండా ఆపలేకపోయింది, అంతే.

తెలుగులో దయాశబ్దం పొందిన పరిణామం కూడా ఈ సందర్భంలో గమనార్హం. పెద్దలను లోనికి రమ్మనడానికి దయచేయండి అంటాం. ఏదైనా కోరేటప్పుడు దయచేసి అంటాం. క్షేమమడిగిన ప్రభువుతో తమ దయవల్ల బాగున్నామనడం ఆచారం. ఈ ప్రయోగాలన్నిటా దయ పైనుండి క్రిందికి ప్రవహించే వస్తువు. దానిని ఇచ్చేవాడు ఎప్పుడూ అధికుడే. ఇవ్వకపోయినా అతనికి దోషం లేదు. ఇస్తే మాత్రం కీర్తి ఉంది. మీ ఆనృశంస్యంవల్ల బాగున్నామని ఏ సేవకుడూ ఏ ప్రభువుతోనూ అనలేదు. అట్లా అంటే, మీరు క్రూరులు కాకపోవడం వల్ల బ్రతికి ఉన్నామని అర్థం. అందులో స్తుతి లేదు. ప్రభువు బలాన్ని గురించిన నిజం మాత్రమే ఉంది. ఈ పదం వ్యవహారంలో నిలువకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

యుధిష్ఠిరుని మూడు పరీక్షలు

ధర్మరాజు ఈ పదాన్ని నిర్వచించలేదు, ఆచరించి చూపాడు. యక్షుడు మృతులైన నలుగురు సోదరులలో ఒక్కరిని బ్రతికిస్తానన్నాడు. ధర్మరాజు నకులుణ్ణి కోరాడు. పదివేల ఏనుగుల బలం గల భీముణ్ణి, పాండవులందరికీ ఆశ్రయమైన అర్జునుణ్ణి విడిచి సవతితల్లి కుమారుణ్ణి ఎందుకు కోరావని యక్షుడు ఆశ్చర్యంతో అడిగాడు. కుంతికి తాను మిగిలి ఉన్నాడు, మాద్రికి కూడా ఒక కుమారుడు మిగలాలి అన్నదే ధర్మరాజు సమాధానం.

ఇక్కడ మాద్రి స్థితిని ఆలోచించాలి. ఆమె అప్పటికే మరణించింది. తన కుమారుల కోసం అడగడానికి ఆమెకు నోరు లేదు. నకులుణ్ణి విడిచినా నిందించేవారు లేరు. పైగా రాజ్యం తిరిగి పొందవలసినవాడికి భీమార్జునులే ఉపయోగపడతారు. ఎంపిక చేసే అధికారం పూర్తిగా ధర్మరాజు చేతిలో ఉంది. అట్టి క్షణంలో అతడు తన అవసరాన్ని కొలబద్దగా తీసుకోలేదు. ఆ సమయంలో తన పక్షాన మాట్లాడేవారు లేని వ్యక్తి స్థానంలో నిలిచి చూశాడు. ఇది జాలి కాదు. మాద్రికి న్యాయంగా చెందవలసిన భాగాన్ని లెక్కలోనికి తీసుకోవడం.

రెండవ పరీక్ష మహాప్రస్థానంలో వచ్చింది. స్వర్గరథం ఎదుట నిలిచినప్పుడు, వెంట వచ్చిన కుక్కను విడిచిపెడితేనే ప్రవేశమని ఇంద్రుడు అన్నాడు. ధర్మరాజు అంగీకరించలేదు. అక్కడ కూడా మూలంలో అతడు తన బుద్ధిని ఆనృశంస్యశబ్దంతోనే చెప్పుకున్నాడు. కుక్కరూపం విడిచిన ధర్ముడు వెనుకటి ద్వైతవన పరీక్షను గుర్తు చేయడం ఈ రెండు ఘట్టాల ఏకసూత్రతకు నిదర్శనం. మూడవది స్వర్గారోహణపర్వంలోనిది. నరకంలో బాధపడుతున్నవారు, నీవు నిలిచినంతసేపు మాకు ఉపశమనం కలుగుతున్నదని మొరపెట్టుకున్నారు. వారు తన సోదరులు, ద్రౌపది, కర్ణుడు మొదలైనవారని తెలిసిన తరువాత, తాను అక్కడే ఉంటానని ధర్మరాజు దేవదూతను పంపివేశాడు. ఈ చివరి రెండు పర్వాలు తిక్కన సోమయాజి తెనిగించిన పదిహేను పర్వాలలోనివే కాబట్టి తెలుగు పాఠకులకు ఇవి సుపరిచితాలు.

మొదటి పరీక్షలో ధర్మరాజు తనకు ప్రయోజనకరమైనదాన్ని వదులుకున్నాడు. రెండవదానిలో తనకు లభించిన పదవినే పణంగా పెట్టాడు. మూడవదానిలో బాధితుల చోటికే వెళ్లి నిలిచాడు. ఆనృశంస్యానికి ఇవి మూడు మెట్లు.

అహింస కంటె భిన్నమైనది

అహింసకూ దీనికీ గల భేదాన్ని చెప్పినవాడు రాజూ కాదు, ఋషీ కాదు. మిథిలలో మాంసం అమ్ముకొని జీవించే ధర్మవ్యాధుడు. కౌశికుడనే బ్రాహ్మణునికి అతడు చేసిన బోధ ఎఱ్ఱాప్రగడ పూరించిన అరణ్యపర్వశేషంలో చేరింది. వ్యాధుని వాదం స్థూలంగా ఇది. నాగలితో దున్నేవాడు మట్టిలోని అసంఖ్యాక జీవులను చంపుతున్నాడు. నడిచేవాడు పాదాల క్రింద ప్రాణులను త్రొక్కుతున్నాడు. లోకంలో పూర్తిగా హింస చేయనివాడంటూ ఎవడూ లేడు. అహింసావ్రతులు ప్రయత్నం చేత దానిని తగ్గించుకుంటున్నారు, అంతే.

ఈ వాదంలోని గాంభీర్యాన్ని గుర్తించాలి. తాను హింసారహితుడనని భావించేవాడు తన భోజనం వెనుక ఉన్న నాగలిని, దానిని పట్టిన చేతిని మరచిపోతాడు. తన చేతికి మట్టి అంటలేదు కనుక తాను శుద్ధుడననుకుంటాడు. మట్టి అంటినవాణ్ణి హీనునిగా చూస్తాడు. వ్యాధుడు ఈ శుద్ధిగర్వాన్ని ఖండించాడు. ఆనృశంస్యమే పరమధర్మమన్న మాట వ్యాధుని బోధలోనూ కనిపిస్తుంది. అహింస తన శుద్ధిని గురించిన నియమంగా మారే ప్రమాదం ఉంది. ఆనృశంస్యంలో అట్టి ప్రమాదం తక్కువ. దాని దృష్టి తనమీద కాక, తన చేతిలో చిక్కినవాడి మీద ఉంటుంది. ఈ భేదాన్ని విద్యాధికుడైన బ్రాహ్మణుడు వ్యాధుని ముంగిట నిలిచి నేర్చుకోవలసి రావడం కథాకల్పనలోని ఔచిత్యం.

మాండవ్యుని ప్రశ్న

అధికారానికీ సహానుభూతికీ గల సంబంధాన్ని ఆదిపర్వంలోని అణీమాండవ్యోపాఖ్యానం మరొక కోణం నుండి చూపుతుంది. మౌనవ్రతంలో ఉన్న మాండవ్యుని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచారు. రాజభటులు అడిగినా ముని పలుకలేదు. దొంగలతోపాటు అతణ్ణి కూడా శూలానికెక్కించారు. ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకొని క్షమాపణ వేడాడు. శూలం పెకలించడం సాధ్యం కాక కోయవలసి వచ్చింది. లోపల మిగిలిన కొనతోనే ముని తిరిగాడు, అందువల్ల అణీమాండవ్యుడైనాడు.

అతడు రాజును శపించలేదు. నేరుగా యమధర్మరాజు సభకు వెళ్లి, ఏ పాపానికి ఈ ఫలమని అడిగాడు. బాల్యంలో పురుగులను పుల్లతో గ్రుచ్చినందుకని సమాధానం వచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మన సామెత. ఆ దృష్టితో చూస్తే యముడు పురుగుల పక్షాన నిలిచినట్లే కనిపిస్తాడు. బాధపడిన ప్రాణి ఎంత చిన్నదైనా దాని బాధ లెక్కలో చేరింది. కాని మాండవ్యుడు అంగీకరించలేదు. తెలియని వయస్సులో చేసిన అల్పదోషానికి ఇంత దండన అన్యాయమన్నాడు. పదునాలుగేండ్ల వరకు చేసినది పాపంగా పరిగణింపబడదని మర్యాద ఏర్పరచాడు. యముణ్ణి శూద్రయోనిలో జన్మించమని శపించాడు. అట్లా పుట్టినవాడే విదురుడు. శిశువు చర్యకు నేరత్వం అంటదనే సూత్రం నేటి శాసనాలలోనూ ఉంది. 2023 నాటి భారతీయ న్యాయసంహిత ఏడేండ్ల లోపు శిశువు చేసిన దేనినీ నేరంగా పరిగణించదు.

ఈ కథలో మూడు విషయాలు ముఖ్యమైనవి. మొదటిది, ధర్మానికే అధిదేవత అయినవాడు కూడా ప్రశ్నకు అతీతుడు కాదు. రెండవది, ప్రశ్నించినందువల్ల ఒక్క మాండవ్యుని బాధ తీరడం కాక, అందరికీ వర్తించే నియమమే మారింది. మూడవది, పైనుండి తీర్పు చెప్పినవాడు క్రిందనుండి లోకాన్ని చూడవలసి వచ్చింది. అంబిక తనకు బదులుగా పంపిన దాసికి వ్యాసునివల్ల పుట్టిన విదురునికి ధర్మజ్ఞానం ఉంది, కాని అధికారం లేదు. ధృతరాష్ట్రుడు అతణ్ణి సలహా అడుగుతాడు, వింటాడు, పాటించడు. ఒకసారి కోపించి వెళ్లిపొమ్మన్నాడు కూడా. దండించే స్థానంలో ఉన్నప్పుడు తెలియని సంగతి, చెప్పినా చెల్లని స్థానంలో నిలిచినప్పుడు ధర్మునికి తెలిసివచ్చింది.

అయితే ఇక్కడే ఒక విమర్శ కూడా చేయక తప్పదు. శూద్రస్త్రీ గర్భాన జన్మించడమే శాపమైతే, ఆ జన్మ నిత్యం అనుభవించే కోట్లాదిమంది ఏ తప్పు చేశారు? ఒకని దండన మితిమీరిందని అడిగిన కథ, ఒక వర్గం జీవితాన్నే దండనగా భావించింది. మాండవ్యుని ప్రశ్నను చివరిదాకా తీసుకొనిపోతే అది ఈ కథ మీదనే నిలుస్తుంది. కావ్యాన్ని గౌరవించడమంటే అది లేపిన ప్రశ్నను అది ఆగినచోట ఆపివేయడం కాదు.

తప్పిన చోట్లు

ఆనృశంస్యాన్ని పరమధర్మంగా చెప్పిన మహాభారతంలోనే అది లోపించిన సన్నివేశాలున్నాయి. వాటిని విడిచి పరిశీలిస్తే విచారం అసమగ్రమవుతుంది.

వారణావతంలో లక్క ఇంటికి నిప్పు పెట్టిన రాత్రి కుంతి అన్నదానం చేసింది. ఆకలితో వచ్చిన ఒక నిషాదస్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు తిని, త్రాగి, మత్తులో అక్కడే నిద్రించారు. భీముడు నిప్పు పెట్టాడు. పాండవులు సొరంగమార్గాన తప్పించుకున్నారు. బూడిదలో దొరికిన ఆరు శవాలను చూచి ప్రజలు కుంతీపాండవులే మరణించారనుకొని విలపించారు. ఆ దుఃఖం నిషాదుల కోసం కాదు. వారి పేర్లు కూడా కథలో లేవు. కాలమే వారిని అక్కడికి ప్రేరేపించిందని కథకుడు ముందుకు సాగాడు. ఒకే రాత్రి ఒక తల్లి ఐదుగురు కొడుకులతో బ్రతికింది, మరొక తల్లి ఐదుగురు కొడుకులతో దగ్ధమైంది. మాద్రి వాటాను లెక్కించిన ధర్మరాజు ఆ నిషాదస్త్రీ వాటాను లెక్కించినట్లు ఆ ఘట్టంలో కనిపించదు. సహానుభూతికి ఎల్లలున్నాయి. కుటుంబం అనే ఎల్ల దాటడం కష్టం; కులం అనే ఎల్ల దాటడం మరింత కష్టం.

ఏకలవ్యోపాఖ్యానం ఇంతకంటె ప్రసిద్ధం. నిషాదరాజు హిరణ్యధన్వుని కుమారుడు విద్య కోరి వచ్చాడు. నిషాదుడన్న కారణంతో ద్రోణుడు శిష్యునిగా స్వీకరించలేదు. స్వయంకృషితో నేర్చిన విద్య అర్జునుని విద్యను మించినప్పుడు, శిష్యునిగా స్వీకరించని ఆ గురువే గురుదక్షిణ అడిగాడు. కుడిచేతి బొటనవ్రేలు తీసుకున్నాడు. అర్జునుని మనస్తాపం తీరిందని మూలం చెబుతుంది. ఒకరి తాపోపశమనానికి మరొకరి అంగుళి మూల్యమైంది. అయితే సంస్కృతమూలంలో ద్రోణుని ఆ మాటకు కథకుడు చేర్చిన విశేషణం దారుణమన్నది. వ్యాసుడు ద్రోణుణ్ణి ప్రత్యేకంగా ఖండించలేదు. కాని ఆ మాట ఎట్టిదో దాచలేదు.

మన పాఠశాలలలో ఈ ఉపాఖ్యానాన్ని గురుభక్తికి ఉదాహరణగా బోధించడం పరిపాటి. ఏకలవ్యుని భక్తిని స్తుతించడం సులభం. అది బలహీనునికి చెప్పే నీతి. ద్రోణుని నృశంసత్వాన్ని పేర్కొనడం కష్టం. అది బలవంతునికి చెప్పవలసిన నీతి. కథకుడు వేసిన ఒక్క విశేషణాన్ని విడిచిపెట్టినందువల్ల కథ తాత్పర్యమే తలక్రిందులైంది.

అడిగే హక్కు

ఇంతవరకు చూసిన ఘట్టాలలో చాలవరకు ఆనృశంస్యం బలవంతుని ఎరుక మీద ఆధారపడింది. ధర్మరాజుకు తోచింది కనుక మాద్రికి న్యాయం జరిగింది. ద్రోణునికి తోచలేదు కనుక ఏకలవ్యునికి జరుగలేదు. వ్యక్తి సౌశీల్యం మీద మాత్రమే ఆధారపడిన న్యాయానికి ఈ దౌర్బల్యం సహజం. దీనికి విరుగుడు ఇతిహాసాలలోనే స్త్రీపాత్రల ముఖంగా వినిపిస్తుంది.

సుందరకాండలో అశోకవనంలోని సీత, రామునికి చెప్పమని హనుమంతునితో పలికిన మాటలలో ఆనృశంస్యశబ్దం ఉంది. అది పరమధర్మమని నీ నోటనే విన్నాను కదా అన్నది ఆమె మాటల సారాంశం. ఒక కాకి అపచారం చేస్తే బ్రహ్మాస్త్రం ప్రయోగించినవాడవు, నన్ను అపహరించినవాణ్ణి ఎట్లా సహిస్తున్నావని కూడా అడిగింది. ఇక్కడ ఆమె దయను యాచించడం లేదు. అతని విలువను అతనికే గుర్తు చేసి, దానికి జవాబుదారుణ్ణి చేస్తున్నది.

ద్యూతసభలో ద్రౌపది వేసింది కూడా ప్రశ్నయే. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అన్న భావంతో ఆమె సభను నిలదీసింది. ధర్మగతి సూక్ష్మమని భీష్ముడు నిర్ణయం చెప్పలేకపోయాడు. ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడు ఒక్కడే ఆమె పక్షాన మాట్లాడగా, బాలుడవని కర్ణుడు అధిక్షేపించాడు. ప్రశ్నకు సమాధానం తెలిసి కూడా పలుకని సభ్యునికి పాపంలో భాగముంటుందని విదురుడు హెచ్చరించాడు. దాసికి పుట్టి, సభలో ఉండి కూడా చెల్లుబాటు లేనివాడు, మౌనం కూడా క్రౌర్యమేనని గుర్తించినవారిలో ముందున్నాడు. ఆ సభలో భీష్మాదుల హృదయాలు ఆర్ద్రం కాలేదని చెప్పలేం. ఆర్ద్రమైన హృదయాలు మౌనంగా ఉండిపోయాయి. అధికారస్థానంలో ఉన్నవాడి మౌనం తటస్థం కాదు. అది బలవంతుని పక్షాన చేరిన మరొక బలం.

ఆధునిక కాలంలో

అడిగేవాడు మారినప్పుడు సాహిత్యం ఎట్లా మారుతుందో గుఱ్ఱం జాషువ 1941లో వెలువరించిన గబ్బిలం చూపింది. కాళిదాసు మేఘసందేశంలో విరహి అయిన యక్షుడు మేఘాన్ని పంపాడు. జాషువ కావ్యంలో అంటరానివాడైన పేదవాడు శివునికి తన గోడు విన్నవించమని గబ్బిలాన్ని పంపాడు. తనకు ప్రవేశం లేని దేవాలయంలో గబ్బిలానికి ప్రవేశం ఉంది. సందేశకావ్యప్రక్రియను గ్రహించి, ప్రియురాలికి బదులు దేవుణ్ణి, విరహానికి బదులు అవమానాన్ని నిలపడంలో ఆ కవి ప్రతిభ ఉంది. ఇతిహాసంలో మాద్రి పక్షాన ధర్మరాజు ఆలోచించాడు. ఇక్కడ ఏకలవ్యుని సంతతివాడు స్వయంగా మాట్లాడాడు. సానుభూతి పొందే వస్తువుగా కాక, ప్రశ్నించే వ్యక్తిగా నిలిచాడు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం ఈ ప్రశ్నకు చట్టంలో స్థానమిచ్చింది. పదిహేడవ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. పీఠికలో న్యాయ, స్వేచ్ఛ, సమానత్వాలతోపాటు సౌభ్రాతృత్వం కూడా ఉంది. వ్యక్తిగౌరవంతో దానిని ముడిపెట్టడం విశేషం. ప్రాథమికహక్కులకు భంగం కలిగితే నేరుగా సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కును ముప్పైరెండవ అధికరణం ఇస్తున్నది. డాక్టర్ అంబేద్కర్ 1948 డిసెంబరు 9న రాజ్యాంగసభలో దానిని రాజ్యాంగానికి ఆత్మగా, హృదయంగా అభివర్ణించారు. మాండవ్యుడు తపోబలంతో యమసభకు వెళ్లగలిగాడు. తపోబలం లేనివాడికి కూడా ఆ ద్వారం తెరవడం ఈ అధికరణ లక్ష్యం. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కూడా ఈ కోవలోనిదే. పాలకుడు ఏమి చేశాడో చెప్పమని సామాన్యుడు అడగవచ్చు. నిర్ణీతకాలంలో సమాధానం చెప్పవలసిన బాధ్యత అధికారిది.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన శీలం అనావశ్యకమని భావించరాదు. న్యాయస్థానపు మెట్లెక్కలేని సందర్భాలు నిత్యజీవితంలో అసంఖ్యాకం. అంగడివాడు కూలివానితో మాట్లాడే తీరును, ఉద్యోగి అర్జీదారుణ్ణి నిలబెట్టే వ్యవధిని, యజమాని సేవకునికి అన్నం పెట్టే పాత్రను ఏ అధికరణం పూర్తిగా నియమించగలదు? అక్కడ మిగిలేది వ్యక్తి ఆనృశంస్యమే. చట్టం లేని శీలం ప్రభువు ఇష్టానికి లోబడుతుంది. శీలం లేని చట్టం గుమాస్తా బల్లమీదనే ఆగిపోతుంది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు మూడు. ఆనృశంస్యం దయ వలె ఇచ్చేవాడి ఔదార్యం కాదు. బలమున్నవాడిపై ఉన్న విధి. అది హృదయం ఆర్ద్రం కావడంతో నెరవేరదు. ఎదుటివాడి వాటాను, బాధను, మాటను లెక్కలోనికి తీసుకొన్నప్పుడే నెరవేరుతుంది. బలహీనునికి ప్రశ్నించే అవకాశం, బలవంతునికి బదులు చెప్పే బాధ్యత ఏర్పడినప్పుడే అది వ్యక్తిగుణస్థాయి నుండి సమాజధర్మస్థాయికి ఎదుగుతుంది.

ఈ విచారం ప్రాచ్యవిద్యను అభ్యసించేవారికి, బోధించేవారికి విశేషంగా వర్తిస్తుంది. గురుశిష్యసంబంధం కూడా అసమమైన సంబంధమే. ఎవరిని పరీక్షలో నిలిపేదీ, ఎవరి సందేహాన్ని వినేదీ, ఏ కథకు ఏ తాత్పర్యం చెప్పేదీ గురువు చేతిలో ఉంది. ఆదిపర్వపాఠంలో ఏకలవ్యుని భక్తితోపాటు ద్రోణుని వచనానికి కథకుడు చేర్చిన విశేషణాన్ని కూడా వివరించడం, వారణావతఘట్టంలో ఆ ఆరుగురు నిషాదుల మరణం దగ్గర ఒక్క క్షణం ఆగడం అధ్యాపకుని కనీసధర్మం. మూలంలో ఉన్నదానిని ఉన్నట్లు చెప్పడానికి సాహసం అక్కరలేదు, శ్రద్ధ చాలు. తరగతిలో వెనుకవరుసలో కూర్చున్న విద్యార్థికి ఆ కథలో తన పక్షాన కూడా ఒక మాట ఉన్నదని అప్పుడే తెలుస్తుంది.